తొట్టికి మూత

ఆవకాయ జాడీకి మూత పెట్టి ఊరుకోరు. దాని మీద గుడ్డ కప్పి వాసెన కూడా కడతారు. ఏది లోపలికి పోకూడదో, ఏది బయటికి రాకూడదో తెలిసినవాళ్లు చేసే పని అది. అమెరికాలో పికప్ ట్రక్కు కొన్నవాళ్లు కూడా కాస్త అటూ ఇటూగా ఇదే పనిలో పడతారు. బండి ఇంటికొచ్చిన కొద్దిరోజులకే వెనక తొట్టికి మూత ఏది వేయించాలన్న చర్చ మొదలవుతుంది. మెత్తటిదా, గట్టిదా? మడిచేదా, చుట్టేదా, ఎత్తేదా? సొంతంగా బిగించుకోవాలా, షాపువాడికి అప్పజెప్పాలా? చూడ్డానికి రెండు గంటల పని. తెలుసుకోవాల్సింది మాత్రం చాలానే ఉంది. అందులో ప్రాణాల మీదికి వచ్చే సంగతి కూడా ఒకటుంది.

పికప్ అంటే ముందు కారులాంటి క్యాబిన్, వెనక కప్పులేని తొట్టి. ఫోర్డ్ కంపెనీ 1925లో తన మోడల్ టి కారుకు ఫ్యాక్టరీలోనే వెనక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అంతకుముందు కావలసినవాళ్లు కారు కొనుక్కుని, వెనక భాగం తీయించి, పెట్టె కట్టించుకునేవారు. అది పనివాళ్ల బండి. గడ్డిమోపులు, ఇటుకలు, నిచ్చెనలు వేసుకోవడానికి పుట్టింది. కప్పు లేకపోవడమే దాని సుగుణం. ఎంత ఎత్తు సామానైనా పడుతుంది. వాన కురిస్తే నీళ్లు వెనక తలుపు సందుల్లోంచి, అడుగున ఉన్న కన్నాల్లోంచి కిందికి పోతాయి.

తర్వాత కాలం మారింది. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి అమెరికాలో ట్రక్కుల అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది. ఇప్పుడు పికప్ కొనేవాళ్లలో ఆఫీసుకు వెళ్లేవాళ్లున్నారు, పిల్లల్ని బడి దగ్గర దింపేవాళ్లున్నారు. డాలస్ శివార్లలోని తెలుగు ఇంట్లో అయితే వారాంతంలో కొన్న బియ్యం బస్తా, పచారీ సామాన్లు ఆ తొట్టిలోకే చేరతాయి. కొట్టు దగ్గర ఎండ కాసి, ఇంటికొచ్చేలోగా వాన దంచితే బస్తా పని అంతే. ప్లంబరుకో, ఎలక్ట్రీషియనుకో ఇబ్బంది ఇంకా పెద్దది. వాళ్ల డ్రిల్లు, రంపం, పానాలు అన్నీ తొట్టిలోనే ఉంటాయి. టీ తాగి వచ్చేలోగా వాటిని ఎవరైనా ఎత్తుకుపోతే పోయేది సామాను ఒక్కటే కాదు, రేపటి కూలి కూడా. అందుకే మూత.

ఈ మూతను అక్కడ 'టనో కవర్' అంటారు. టనో అంటే ఫ్రెంచి భాషలో పీపా. తొలినాటి కార్లలో వెనక సీటు భాగం పీపా ఆకారంలో గుండ్రంగా ఉండేది. దానికా పేరు వచ్చింది. ఎవరూ కూర్చోనప్పుడు ఆ సీట్ల మీద కప్పే గుడ్డ టనో కవర్ అయింది. సీట్లు పోయాయి, పీపా పోయింది, పేరు మాత్రం ట్రక్కు తొట్టికి అంటుకుంది.

వాసెన, మూత

మూతలు స్థూలంగా రెండు జాతులు. మందపాటి వినైల్ గుడ్డను ఫ్రేము మీద బిగించి కట్టేది మెత్తటి రకం. ఇది వాసెన లాంటిది. చవక, తేలిక, చుట్టేసి పక్కన పెట్టొచ్చు. కానీ చాకుతో కోస్తే చిరుగుతుంది. దొంగ కళ్లకు అడ్డమే తప్ప చేతులకు కాదు.

గట్టి రకంలో మళ్లీ మూడున్నాయి. ఒకే పలకగా ఉండేది మొదటిది. ఫైబర్ గ్లాసుతో చేసి, బండి రంగే వేసి, కారు డిక్కీలా పైకి లేచేలా పెడతారు. చూడ్డానికి అందంగా ఉంటుంది. తీసి పక్కన పెట్టాలంటే ఇద్దరు మనుషులు, గ్యారేజీలో ఒక గోడంత జాగా కావాలి. రెండోది మడత మూత. మూడు నాలుగు అల్యూమినియం పలకలు, మధ్యలో రబ్బరు కీళ్లు. సోఫా కొన్నరోజున మడిచేసుకుంటే తొట్టి చాలావరకు ఖాళీ అవుతుంది. ఎక్కువమంది ఇంట్లో తామే బిగించుకునేది ఇదే. మూడోది కొట్టు షట్టరులా లోపలికి చుట్టుకునేది. వాడకానికి ఇది మహా సుఖం. అయితే ఆ చుట్టంతా క్యాబిన్ వెనక ఒక డబ్బాలో దాక్కోవాలి కాబట్టి తొట్టిలో ముందుభాగం కొంత దానికే పోతుంది. ధర కూడా ఎక్కువే.

ఏది మంచిదంటే ఒక్క జవాబు లేదు. నెలకోసారైనా ఎత్తయిన సామాను వేసేవారికి ఒకే పలక మూత గుదిబండ. రోజూ పనిముట్లు మోసేవారికి మెత్తటి మూత దండగ. ముందు తొట్టిలో ఏం వేస్తారో రాసుకుని, తర్వాత మూత కొనాలి. చాలామంది ముందు మూత కొని, తర్వాత సామాన్ల సంగతి ఆలోచిస్తారు.

కొలత దగ్గరే సగం పని

బండి పేరు చెబితే సరిపోదు. ఒకే పేరున్న ట్రక్కు రెండు మూడు తొట్టి పొడవులతో వస్తుంది. ఫోర్డ్ ఎఫ్-150నే తీసుకుంటే అయిదున్నర, ఆరున్నర, ఎనిమిది అడుగుల తొట్లున్నాయి. ఆ అంకెలు కూడా నోటి లెక్కలే. అయిదున్నర అడుగులంటే 66 అంగుళాలు కావాలి, అసలు కొలత 67.1 అంగుళాలు. ఆరున్నరది 78.9, ఎనిమిది అడుగులది 97.6. అందుకని టేపు తీసుకుని క్యాబిన్ వైపు గోడ లోపలి అంచు నుంచి, మూసి ఉన్న వెనక తలుపు లోపలి అంచు దాకా కొలవాలి. తలుపు తెరిచి కొలిచారా, లెక్క తప్పినట్టే. బండి తయారైన సంవత్సరం కూడా చూసుకోవాలి. మోడల్ మారినప్పుడు పక్క అంచుల ఆకారం మారుతుంది.

తొట్టి లోపల ప్లాస్టిక్ లైనర్ పరిచి ఉంటే ఇంకో చిక్కు. క్లాంపులు పట్టుకోవాల్సింది పక్కగోడ పై అంచు కింద లోపలికి వంగిన రేకును. లైనరు ఆ అంచును కప్పేస్తే క్లాంపు ప్లాస్టిక్‌ను పట్టుకుంటుంది. ప్లాస్టిక్ ఎండకు మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది, పట్టు వదులవుతుంది. అందుకే క్లాంపు వచ్చే ప్రతిచోటా లైనరును కోసి రేకు కనిపించేలా చేస్తారు. అంచు మీద కాకుండా లోపలే స్ప్రే చేసిన పూత అయితే ఈ బాధ లేదు.

మూలమట్టం తప్పితే

కంపెనీలు ఈ మూతల్ని చాలావరకు కన్నాలు పెట్టకుండా బిగించేలానే చేస్తాయి. కారణం ఉంది. తొట్టి అంచుకు డ్రిల్లు పెడితే పెయింటు లేచిపోతుంది, తడి చేరుతుంది, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. క్లాంపు అయితే రేపు బండి అమ్మేటప్పుడు ఊడదీసి తీసుకుపోవచ్చు.

మొదటి పని కడగడం. అంచుల మీద ఉన్న మైనం, మట్టి పోకపోతే రబ్బరు పట్టీ అంటుకోదు. ఆరాక క్యాబిన్ వైపు గోడ పైన జిగురున్న స్పాంజి పట్టీ అంటించాలి. తర్వాత రెండు పక్కలా అల్యూమినియం పట్టాలు పెట్టి, క్లాంపులు వేసి, చేత్తో తిప్పగలిగినంతే బిగించాలి. ఇక్కడే తొందరపడేవారు దెబ్బతింటారు. పట్టాలను ముందే గట్టిగా బిగించేస్తే, మూత పెట్టాక ఒక మూల పావంగుళం అటు, ఇంకో మూల పావంగుళం ఇటు పోయి కూర్చుంటుంది. గుమ్మం నిలబెట్టే వడ్రంగి ఏం చేస్తాడు? ముందు మూలమట్టం చూసుకుంటాడు, ఆ తర్వాతే మేకు కొడతాడు. ఇదీ అంతే. పట్టాల మధ్య ఒక మూల నుంచి ఎదుటి మూలకు, మళ్లీ రెండో వైపూ కొలవాలి. రెండూ ఒకటే రావాలి. రెండు పట్టాల మధ్య దూరం ముందూ వెనకా సమానంగా ఉండాలి. అప్పుడు మూత పరిచి, వెనక తలుపు మెల్లగా మూసి, తగలకుండా పడుతోందని చూసుకుని, ముందు నుంచి వెనక్కి ఒక్కో క్లాంపునూ బిగించుకుంటూ రావాలి.

ఎంత బిగించాలో కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉంటుంది. 'ఇంకో చుట్టు తిప్పితే ఇంకా గట్టిగా ఉంటుంది' అన్నది ఇక్కడ పనిచేయదు. అంచు పలచని రేకు. అతిగా బిగిస్తే వంగుతుంది, వంగిన రేకు మీద రబ్బరు ఆనదు. ఎఫ్-150కి 2015 మోడల్ నుంచి తొట్టితో సహా బాడీ అంతా అల్యూమినియమే కాబట్టి అక్కడ మరీ జాగ్రత్త. పట్టాకు, పెయింటుకు మధ్య పలచని రక్షణ పట్టీ వేయడం మరవకూడదు. రోడ్డు మీద పోయే బండి నిరంతరం వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకుకు చిన్న ఇసుక రేణువు కూడా ఆకురాయిలా పనిచేసి పెయింటును తినేస్తుంది. వారం పది రోజులు తిరిగాక క్లాంపుల్ని మరోసారి చూసుకోవాలి.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మడత మూతల్లో చాలావాటికి విడిగా తాళం ఉండదు. వెనక తలుపు తెరిస్తే చాలు, లోపలి గొళ్లెం చేతికి అందుతుంది. అంటే మూతకు కాపలా వెనక తలుపు తాళమే. ఆ తాళం లేని పాత ట్రక్కుకు వెయ్యి డాలర్ల మూత బిగిస్తే, తలుపు తీసి ఉంచి కిటికీకి ఊచలు పెట్టినట్టే.

నీళ్లకు దారి

మూత బిగించాక మొదటి వానకు వచ్చే ఫిర్యాదు ఒక్కటే: లోపల తడిసింది. అసలు విషయం కంపెనీ కాగితంలోనే ఉంటుంది. వాళ్లు 'నీటిని తట్టుకుంటుంది' అంటారు తప్ప 'చుక్క రాదు' అనరు. ఎందుకంటే తొట్టి పుట్టిందే నీళ్లు పోవడానికి. వెనక తలుపు పక్కల్లో, అడుగున సందులుంటాయి. క్యాబిన్ వైపు రెండు మూలల్లో రేకుల అతుకుల దగ్గర గాడి ఉంటుంది. మూత ఎంత మంచిదైనా ఈ సందులు దానివి కావు, బండివి.

మంచి బిగింపు చేసేవారు నీటితో పంతానికి పోరు. పెంకుటిల్లు కట్టినవాడు వానను ఆపాలనుకోడు, చూరు దాకా దారి చూపిస్తాడు. ఇక్కడా అదే కిటుకు. పట్టాల్లోనే కాలువ ఉంటుంది. మూత అంచున దిగిన నీరు ఆ కాలువలో పడి ముందు మూలలకు చేరుతుంది. అక్కడ రబ్బరు గొట్టాలు తగిలించి, తొట్టి అడుగున ఉన్న కన్నంలోంచి కిందికి వదులుతారు. ఈ గొట్టం మెలిక పడితే, ఆకు అడ్డం పడితే నీరు వెనక్కి పొంగి లోపలికి వస్తుంది. ఏడాదికి రెండుసార్లు గొట్టంలో నీళ్లు పోసి చూడటం రెండు నిమిషాల పని. వెనక తలుపు చుట్టూ రబ్బరు బీడింగు వేస్తే దుమ్ము కూడా చాలావరకు ఆగుతుంది. అయితే అడుగున ఉన్న కన్నాల్ని మాత్రం మూయకూడదు. పైనుంచి వచ్చిన నాలుగు చుక్కలు పోయే దారి అదే. అదీ మూస్తే తొట్టి నిజంగానే తొట్టి అవుతుంది.

సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి వాన కోసం ఎదురుచూడక్కర్లేదు. తొట్టిలో పాత వార్తాపత్రికలు పరిచి, మూత వేసి, తోట గొట్టంతో పైన అయిదు నిమిషాలు నీళ్లు పోయాలి. కాగితం ఎక్కడ తడిసిందో అక్కడ సందు ఉంది.

మైలేజీ మాట

మూత వేస్తే పెట్రోలు ఆదా అవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. కొంత నిజమే. కానీ అది చిన్న నిజం. వెనక తలుపు మూసి ఉన్న తొట్టిలో గాలి సుడిలా తిరుగుతూ ఒక మెత్తలా ఏర్పడుతుంది. పైన పోయే గాలి దాని మీదుగా జారిపోతుంది. కాబట్టి ఖాళీ తొట్టి అనుకున్నంత నష్టం చేయదు. వెనక తలుపు దించేస్తే మేలనుకోవడమూ పొరపాటే. ఆ సుడి చెదిరిపోతుంది.

లెక్క వేసి చూస్తే సరి. ఏడాదికి 12 వేల మైళ్లు, గ్యాలనుకు 20 మైళ్లు అనుకుందాం. 600 గ్యాలన్లు. మూత వల్ల నూటికి రెండు వంతులు మిగిలిందనుకున్నా 12 గ్యాలన్లు. గ్యాలను 3 డాలర్లయితే మిగిలేది ఏటా 36 డాలర్లు. వెయ్యి డాలర్ల మూత ఖర్చు రాబట్టుకోవడానికి 27 ఏళ్లు దాటుతుంది. సామాను భద్రం కోసం మూత వేయించుకోవడంలో అర్థం ఉంది. పెట్రోలు కోసమైతే లేదు.

మూత కింద ఊపిరి

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మూత పడిన క్షణం నుంచి తొట్టి తొట్టి కాదు, పెట్టె. పెట్టెలో సామాను ఉండాలి తప్ప ప్రాణి ఉండకూడదు.

తొట్టి మీద గుడిసెలా ఎత్తుగా వచ్చే మూతలు కూడా ఉన్నాయి. వాటి కింద కూర్చోవచ్చు, పడుకోవచ్చు. ఒకప్పుడు దూర ప్రయాణాల్లో పిల్లల్ని అక్కడ పరుపు వేసి పడుకోబెట్టేవారు. దాని ఫలితం ఏమిటో సియాటెల్ వైద్యులు 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో రాశారు. పికప్ వెనక ప్రయాణిస్తూ కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు బారిన పడిన 20 మంది పిల్లల వివరాలవి. 17 మంది గట్టి మూత కింద, ముగ్గురు టార్పాలిన్ కింద ఉన్నారు. 15 మంది స్పృహ తప్పారు. ఒకరు చనిపోయారు, మరొకరి నరాలకు శాశ్వతంగా హాని జరిగింది. అన్ని బండ్లలోనూ పొగగొట్టం కారుతోందని ముందే తెలిసి ఉండటమో, గొట్టం పక్కకు కాకుండా వెనక్కి తెరుచుకుని ఉండటమో కనిపించింది.

కారణం సులువు. బండి ముందుకు పోతుంటే వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. పొగగొట్టంలోంచి వచ్చిన పొగను ఆ ఖాళీ తనవైపు లాక్కుంటుంది. వెనక తలుపు సందుల్లోంచి అది తొట్టిలోకి చేరుతుంది. పైన కప్పు లేకపోతే చెదిరిపోయేది, కప్పు ఉంటే అక్కడే పోగవుతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత మత్తు. పిల్లలు నిద్రపోయారనుకుంటారు ముందు కూర్చున్న పెద్దలు.

బల్లపరుపు మూత కింద ఎవరూ కూర్చోరు నిజమే. కానీ దాగుడుమూతలాడే పిల్లలకు అంతకంటే మంచి చోటు కనిపించదు. 1998 వేసవిలో అమెరికాలో కారు డిక్కీల్లో చిక్కుకుని మూడు ఘటనల్లో 11 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ తయారయ్యే కార్ల డిక్కీకి లోపలి నుంచి తెరుచుకునే పిడి తప్పనిసరి చేశారు. ఆ నిబంధన కారు డిక్కీలకే. ఇంట్లో బిగించుకునే తొట్టి మూతకు వర్తించదు. అందుకే తాళంచెవి పిల్లలకు అందకుండా పెట్టాలి, బండి ఆపాక వెనక తలుపుకు తాళం వేయాలి, వేసేముందు లోపలికి ఒకసారి తొంగిచూడాలి. కుక్కపిల్లకైనా ఇదే మాట. పెట్రోలు డబ్బాను మూత కింద పెట్టకూడదు, ఆవిరి పోయే దారి ఉండదు. ప్లాస్టిక్ లైనర్ మీద డబ్బా ఉంచి పెట్రోలు నింపడమూ ప్రమాదమే. స్థిర విద్యుత్తు రవ్వ చాలు. డబ్బాను నేల మీద పెట్టే నింపాలి.

వెనక వచ్చేవారి సంగతీ ఉంది. అమెరికాలో 1994 మోడల్ నుంచి చిన్న ట్రక్కులకు మూడో బ్రేకు లైటు తప్పనిసరి. అది సాధారణంగా క్యాబిన్ వెనక, అద్దం పైన ఉంటుంది. మూతను పూర్తిగా మడిచి క్యాబిన్‌కు ఆనించి నిలబెడితే వెనక అద్దం మూసుకుపోతుంది. కొన్నిట్లో ఆ లైటు కూడా. అలా నడపొచ్చో లేదో మూత కొనేముందే అడగాలి.

మన దగ్గర

ఈ కథంతా అమెరికాది అనుకోనక్కర్లేదు. శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్ తయారైంది అక్కడే. అలాంటి బండికి మూత వేయించాలనుకునేవారికి పైన చెప్పిన కొలతలు, కాలువలు, క్లాంపులు అన్నీ వర్తిస్తాయి. అయితే మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. ఎత్తు పెంచే గుడిసె మూత వేయించేముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగడం మంచిది.

మన ఊళ్లలో మూత అంటే ఇప్పటికీ బరకమే. మిరప కోతలకు పోయే కూలీలు, పెళ్లికి పోయే చుట్టాలు సరకుల బండి వెనక ఎక్కుతారు. సరకుల బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. అయినా ఎక్కుతారు. వాన వస్తే అందరూ కలిసి బరకం నెత్తిన కప్పుకుని, అంచులు కాళ్ల కింద తొక్కిపట్టి కూర్చుంటారు. సియాటెల్ వైద్యుల జాబితాలో ముగ్గురు పిల్లలు ఉన్నది కూడా టార్పాలిన్ కిందే. ఎవరైనా అలా ఎక్కి ఉంటే, వాన పడితే బండి ఆపించి దిగి ఏ బడి వరండాలోనో నిలబడటం మేలు. తలనొప్పి అని ఎవరన్నా అంటే ముందు బరకం తీసేయాలి.